కౌంటు

మిర్చి యార్డులో పొద్దున్నే అందరూ అడిగేది ఒకటే:
"ఇయ్యాల రేటెంత?"
పెద్దాసుపత్రి మూడో అంతస్తు వరండాలో అడిగేదీ ఒకటే:
"ఇయ్యాల కౌంటెంత?"
తిన్నావా అని ఎవరూ అడగరు.
తినలేదని అందరికీ తెలుసు.

క్వింటా పద్దెనిమిది వేలంటే యార్డులో పండగ.
ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలంటే
ఈ వరండాలో ఎవరూ కాళ్ళు చాపుకోరు.

మొదటిరోజు నాకిదేం తెలీదు.
పిల్లోణ్ణి భుజానేసుకుని మెట్ల మీద నిలబడిపోయా.
డాక్టరమ్మ చెప్పినదాంట్లో
నాకు తెలిసిన మాట 'రక్తం' ఒక్కటే.
మిగతాదంతా ఇంగిలీషు.
మిగతాదే జబ్బు.

అప్పుడు మస్తాన్‌బీ నా చేతిలో ఫైలు లాక్కుంది.
పేరడగలా, ఊరడగలా.
"పసుపు కాగితం ఇచ్చారా?
పదకొండింటికి కిటికీ మూసేస్తారు, ముద్ర ఏయించుకోవాల.
తర్వాత ఏడుద్దువు గానీ, నడువు."

అట్టా, నాకు ఏడవటానికి
మధ్యాన్నం రెండున్నరయింది.
అప్పుడూ ఒంటరిగా ఏడవనీలేదు.
పెదకాకాని కృపామణి పక్కన చతికిలబడి
నా జడ విప్పి, చిక్కు తీస్తా కూర్చుంది.

ఇంటికాడ అడిగారు,
ఇది ఎవరి వైపునుంచి వచ్చిందని.
అత్త మా పుట్టింటి వైపు చూసింది.
మా అమ్మ వాళ్ళ తాతను గోతిలోంచి తవ్వి తీసింది.
నా మొగుడు లారీకి బస్తాలెత్తుతా
ఎవరి వైపూ చూడలా.
వరండాలో ఆ మాటే రాలేదు.
వాన మొదలయ్యాక మబ్బు ఏ దిక్కుదని ఎవరడుగుతారు?
ఆరేసిన బట్టలు తీస్తారు గానీ.

నా కొడుకు పేరు తేజ.
ఆ పేరుతో మిరపకాయుంది, ఘాటు ఎక్కువ.
ఆరేళ్ళు దాని తొడిమలే తీశా.
సబ్బుతో కడిగినా, మజ్జిగలో ముంచినా
గోళ్ళ సందున మంట పోదు.
రెండో మందు ఎక్కాక వాడి నోరంతా పుళ్ళు.
నా వేలు పెదవికి తగిలితే చాలు, కెవ్వుమన్నాడు.
కన్నతల్లిని, ముద్ద పెట్టలేకపోయా.
గోడకు ఆనుకుని నా చేతుల్ని చూసుకుంటా ఉంటే
కృపామణి పెరుగన్నం మెత్తగా పిసికింది.
"నీ చేతులు చల్లబడిందాకా
నావి వాడుకో" అంది.
తొమ్మిది రోజులు వాడుకున్నా.

గుంటూర్లో ఓ నెగటివ్ ఆటోవాళ్ళు ఎవరెవరో
మస్తాన్‌బీకి నోటికొచ్చు.
"బిడ్డకు కావాల, బేరం వదిలేసి రా" అని
రాత్రి పదకొండింటికి ఫోన్లో తిట్టినట్టే పిలుస్తది.
వాళ్ళూ వస్తారు, ఖాకీ చొక్కా చెయ్యి మడుచుకుంటా.

నవ్వలేదా అంటే, నవ్వాం.
తేజ జుట్టంతా దిండుకంటుకుని వచ్చిన రోజు
చర్చికి పోయే కృపామణే అంది:
"పోన్లేవే, తిరపతి ఖర్చు కలిసొచ్చింది!"
ముగ్గురం కొంగులు నోట్లో కుక్కుకున్నా ఆగలా.
నర్సమ్మ వచ్చి కసిరింది.
కసురుతా తనూ పక్కకు తిరిగింది.

మస్తాన్‌బీ కూతురు ఆఫ్రీన్‌కి ఏడేళ్ళు.
బొమ్మల పుస్తకంలో ఏనుగుకి ఎప్పుడూ ఆకుపచ్చే వేసేది.
శ్రావణంలో, ఒక తెల్లారగట్ట
ఆ మంచం మీద దుప్పటి మార్చారు.
ఇంతకంటే నేను చెప్పలేను.

మస్తాన్‌బీ నరసరావుపేట వెళ్ళిపోయింది.
ఇక ఈ ఆసుపత్రి పేరు కూడా ఎత్తదనుకున్నా.
నాలుగోరోజు సాయంత్రం ఆరింటికి ఫోను.
"ఇయ్యాల కౌంటెంత?"
గొంతు అదే, కోపం అదే.
మర్నాడు ఆరింటికి. ఆ మర్నాడు కూడా.
చెబుతున్నా, రాసుకుంటున్నట్టు ఊఁ కొడతది.
తగ్గితే దానిమ్మకాయ అంటది, పెరిగితే అల్లా అంటది.

నిన్న తేజకి నలభై రెండు వేలు.
చెప్పా. ఊఁ అంది.
పెట్టేయబోతుంటే నా నోట్లోంచి ఎట్టా వచ్చిందో,
ఏడు నెలల్లో ఈ వరండాలో ఎవరూ అడగని మాట:
"అక్కా, తిన్నావా?"

అటు చానాసేపు ఏం లేదు.
ఎక్కడో మేకపిల్ల అరిచింది.
తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
"ఇదిగో,
ఇప్పుడే పొయ్యి ముట్టించా" అంది.