జానా బెత్తెడు

మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి
వేళచ్చేరి ఫిజియోథెరపిస్టు శెంబగవల్లి అడిగింది,
"బరువులెత్తుతారా?"
సెమీకోలన్లు తప్ప ఏమీ ఎత్తనన్నాను.
ఆమె నవ్వలేదు.
ఒక భుజం నుంచి ఇంకో భుజానికి టేపు పెట్టి కొలిచింది.
"మీ చేతులు ఇంత దూరాన పుట్టాయి.
ఇన్నేళ్లూ వాటిని ఒకే పీట మీద కూర్చోబెట్టారు."

శనివారం రిచీ స్ట్రీట్.
చార్జర్ల తోరణాలు తప్పించుకుని
ఇరుకు మెట్లెక్కితే సిక్కందర్ కొట్టు.
హోమియోపతి పెట్టెలాంటిది తెరిచి
మీటలు ఒక్కొక్కటే నా వేలికిందికి తోశాడు.
నీలందాని చప్పుడు అప్పడం విరిగినట్టు.
గోడవతల పసిపిల్ల ఉంది, వద్దన్నాను.
ఎర్రది వెన్నలో వేలు పెట్టినట్టు,
ఎప్పుడు దిగిందో దానికే తెలియదు.
గోధుమరంగుది
నడుమ ఒక గుటక మింగి, ఆపైన దిగింది.
ఇదే.
స్ప్రింగు ముప్పై ఐదు గ్రాములా, యాభయ్యా?
బంగారం కొన్నప్పుడు కూడా
తూకం గురించి ఇన్నిసార్లు అడగలేదు నేను.

రెండు రాత్రులు సోల్డరింగ్ పొగ.
బియ్యపు గింజంత డయోడ్లు నలభై రెండు,
నల్లగీతలన్నీ ఒకే దిక్కు చూడాలి.
ఒక్కటి పెడముఖం పెట్టింది,
తెల్లారేదాకా 'ఇ' అక్షరానికి నోరు పెగల్లేదు.

తర్వాత పంపకాలు.
ముందు చిటికెన వేలిని పిలిచాను.
చిన్నది కదా, ఏం మాట్లాడుతుందిలే అని
షిఫ్టు, కంట్రోలు, ఎంటరు,
పైగా అందరి తప్పులూ చెరిపే పని
దాని నెత్తినే పెట్టాం ఇన్నాళ్లూ.
బొటనవేలేమో అందరికన్నా లావు,
ఖాళీలు వదలడం తప్ప ఏ పనీ నేర్వని పెద్దమనిషి.
సగం బరువు ఆయనకు దించాను.
మీసాల బ్రాకెట్లు కింది పొరలో దాచాను.
ఆయన నొక్కి పట్టుకుంటే తేలతాయి,
వదిలితే మునుగుతాయి.

కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు.
ఈ రెంటి మధ్యా తీగ ఊడితే మాత్రం
ఒక చేయి బతికుండీ మూగది.

సోమవారం పెరుంగుడి ఆఫీసులో
జానా బెత్తెడు ఎడంగా రెండు ముక్కలూ పరిచాను.
భుజాలు తలుపు రెక్కల్లా తెరుచుకున్నాయి.
బ్రేక్ అని కొడితే
తెరమీద రేక్ అని పడింది.
బగ్ అని కొడితే అగ్.
'బి' ఎక్కడ?

కుడిచేతి చూపుడు వేలు
రెండు ముక్కల నడుమ
ఉత్త బల్లని పొడుస్తూ ఉంది.

నెల్లూరు ట్రంకు రోడ్డులో పెంచలయ్య మాస్టారు
మా చేతుల మీద అట్ట కప్పి టైపు నేర్పారు.
గోడమీద రంగుల పటంలో 'బి' ఎడమచేతి వాటా.
లోయరు ఫస్టు క్లాసు నాది, సర్టిఫికెట్టు ఇంకా ఉంది.
అట్ట కింద ఏం జరిగిందో
ఆయనకు తెలియదు.
నాకూ తెలియదు.
గట్టు లేని పొలంలో ఎవరు ఎవరి చేను మేశారో
ఎవరు చెప్పగలరు?
గట్టు పడ్డాక కదా
ఇరవై రెండేళ్ల దొంగమేత బయటపడింది.

"రెండు వారాల్లో అదే దారికొస్తుంది" అన్నాడు పక్కసీటు హేమచంద్రన్.
తనది ముప్పై ఆరు మీటలది.
ఇంకో రెండు తీసేయొచ్చని
రోజూ మధ్యాహ్నం అనుకుంటాడు.

ఎడమ చూపుడు వేలికి ఆ మెట్టు దిగడం నేర్పుతున్నాను.
బిడియపడుతుంది.
తనదే అయిన వస్తువుని
పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంటున్నట్టు.

నడుమ జాగా ఊరికే పోవడం ఎందుకని
అక్కడ కాఫీ గ్లాసు పెట్టుకుంటున్నాను.

నెల తర్వాత శెంబగవల్లి అడిగింది, నొప్పి ఎలా ఉందని.
మణికట్టు హాయిగా ఉంది,
చూపుడు వేలే కాస్త కాలిందన్నాను.
"ఎలా?"
తెలుగులో ఆలోచించుకుని
తమిళంలో చెప్పబోయి
ఊరుకున్నాను.