ఆరు నెలల లోపు ముఖం

బ్రాడీపేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు పైన,
ఇరవై రెండు మెట్లు.
ఎక్కి వచ్చినవాళ్ళు ముందు ఆయాసం తీర్చుకోవాలి,
రొప్పుతున్న ముఖం ఏ దేశానికీ పనికిరాదు.

అద్దం ఉంది, దువ్వెన ఉంది,
అబ్బాయిలకి ఒక కోటు ఉంది,
వీపున చిరుగు, ముందు నుంచి కనపడదు.
కళ్ళజోడు తియ్యమ్మా. జుట్టు చెవుల వెనక్కి.
గడ్డం ఇంకొంచెం పైకి. నవ్వొద్దు.
రోజుకి ముప్పైసార్లు అంటాను ఈ మాట.
మా చిన్నది అన్నం తింటూ వెక్కిరిస్తుంది:
నవ్వొద్దు నాన్నా, నవ్వొద్దు.

దారా ఎస్తేరు మొదటిసారి వచ్చింది మార్చిలో,
మిర్చి యార్డు నిండి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో.
వాళ్ళమ్మ తొడిమలు తీసే చోటి నుంచి నేరుగా వచ్చినట్టుంది,
కళ్ళు రెండూ పండు మిరపకాయలు.
మొహం కడుక్కోమన్నాను. మూడుసార్లు కడుక్కుంది.
ఎరుపు పోలేదు.
కంప్యూటర్లో ఒక్క నొక్కుతో తెల్లగా చేసేవాణ్ణి,
పెళ్ళిళ్ళకి చేస్తాను,
దండ వేసే ఫొటోలకి కూడా చేస్తాను.
వీసాకి మాత్రం దిద్దకూడదు, రూలు.
ఉన్నది ఉన్నట్టు ఉండాలి.
ఎనిమిది కాపీలు, నూట ఇరవై.

సెప్టెంబర్లో మళ్ళీ మెట్ల మీద అవే చెప్పులు.
"పాతది ఉందిగా అమ్మా, ప్రింటు తీసిస్తా."
"ఆరు నెలలు దాటింది అంకుల్, ఒప్పుకోరు."
నాకు తెలియని రూలు కాదు.
పిల్లకి డబ్బులు మిగులుతాయని అడిగాను.

ఏమడిగారు లోపల, అంటే చెప్పింది:
చదువయ్యాక తిరిగొస్తావా అన్నారు.
వస్తానన్నాను.
ఆధారం ఏంటన్నారు.

ఇల్లు అద్దెది. పొలం కౌలుది.
అమ్మ కూలి లెక్క మేస్త్రీ చిత్తుపుస్తకంలో ఉంటుంది,
చిత్తుపుస్తకం మీద ఏ బ్యాంకూ సీలు వెయ్యదు.
"పొలం ఉన్నోళ్ళే తిరిగొస్తారంట అంకుల్,"
అంది, గడ్డం పైకెత్తి, తెల్లగుడ్డ ముందు కూచుని.
"నవ్వొద్దు," అన్నాను.
నవ్వట్లేదు ఆ పిల్ల. అలవాటులో అనేశాను.

మూడోసారి ముక్కుపుడక తీసేసి వచ్చింది.
ఎవరో చెప్పారట. నేను చెప్పలేదు.
నాలుగోసారి కొలత మారింది,
రెండంగుళాల చదరం కాదు,
ముప్ఫై అయిదుకి నలభై అయిదు.
ఏ దేశమని అడగలేదు,
మిల్లీమీటర్లు తెలిస్తే చాలు నాకు.

ఆ రాత్రి షట్టరు దించేముందు
నాలుగు ఫొటోలూ తెర మీద పక్కపక్కన పెట్టాను.
అదే స్టూలు, అదే తెల్లగుడ్డ.
నాలుగోదాంట్లో కళ్ళు శుభ్రంగా ఉన్నాయి,
రూలు ప్రకారం అదే బాగుంది.
నాకు మాత్రం ఆ ఎర్రకళ్ళదే నచ్చింది.

నన్నెవరూ అడగరు గానీ
అడిగితే రాసిస్తాను, స్టూడియో ముద్ర వేసి:
అయ్యా, ఈ అమ్మాయి తిరిగొస్తుంది.
నాలుగుసార్లు వచ్చింది. ఇరవై రెండు మెట్లూ ఎక్కింది.
ఒక్కసారి కూడా గడువు తప్పలేదు.
ఇంతకన్నా ఆధారం నా దగ్గర లేదు.

మళ్ళీ మార్చి. ఊరు తుముతూనే ఉంది.
ఎస్తేరు రాలేదు.
వెళ్ళిందో, విసిగిందో,
కొత్తపేటలో అరవైకే తీస్తున్నారని అటు పోయిందో.
రసీదు పుస్తకంలో ఫోన్ నంబరుంది.
చెయ్యలేదు.

మెట్ల మీద చప్పుడైతే మాత్రం
లేచి లైటు వేస్తాను,
స్టూలు రెండు మరలు పైకి తిప్పి పెడతాను,
ఆ పిల్ల ఎత్తుకి.

వచ్చినవాడు ఎవరో అబ్బాయి.
కోటుందా అన్నా, అని అడిగాడు.