బ్రష్షు దగ్గర

పొద్దున్నుంచి నూట పన్నెండు జతలు.
లెక్క నాకెవరూ అప్పజెప్పలేదు,
వానలో ఊరికే నిలబడలేక రాసుకుంటున్నాను.

కౌరీ చెట్ల వేళ్ళు చాలా పైపైన ఉంటాయి,
ముంజేతి మీద నరాల్లా.
బూటడుగున ఇరుక్కున్న గోరంత మట్టి చాలు,
రోగం నడుచుకుంటూ లోపలికి పోతుంది.
రుద్దండి. మందునీళ్ళలో ముంచండి.
ఆ తర్వాతే చెక్కబాట.

"కొత్త బూట్లమ్మా" అంటాడొకడు.
కొత్తవే. నిన్న ఎవరి పొలం తొక్కాయో?
ఒక పిల్ల మాత్రం
తన బొమ్మ కుందేలు కాళ్ళు కూడా కడిగింది.
రాసుకున్నాను: నూట పదమూడున్నర.

మధ్యాహ్నం ముసలి ఆల్విన్ వచ్చాడు,
నలభై ఏళ్ళుగా ఏటా వచ్చే మనిషి.
అరగంట రుద్దాడు,
పుల్ల పుచ్చుకుని గాడులన్నీ గీకాడు.
తీరా బూట్లు తొడుక్కోలేదు.

"మెరెయానా,
ఆ వంపు దగ్గరి చెట్టు ఎండిపోయిందటగా.
అప్పట్లో బాటా గీటా ఉండేవి కాదు,
దాని మొదట్లోనే కూర్చుని రొట్టె తినేవాళ్ళం,
నేనూ బెరిల్.
ఏ ఏటి బూట్లో, ఏమో..."

మట్టికి పేర్లు గుర్తుండవులే అన్నాను.
నిజమో కాదో నాకూ తెలీదు.

ఆయన లోపలికి వెళ్ళలేదు.
గేటు బయట బల్ల మీద
తడి మేజోళ్ళతో కూర్చుని
వచ్చేపోయే వాళ్ళ పాదాలే చూస్తున్నాడు,
ఎవరైనా బ్రష్షు దాటిపోతే
చిన్నగా దగ్గుతున్నాడు.

ఆయన్ని ఏ లెక్కలో వేయాలో తోచక
పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాను.