ఇద్దరు సుగుణమణులు

నరసాపురం లేసు కొట్లో
పాత పట్టికలోంచి కొత్త పట్టిక తీశాను:
పేరు, ఊరు, అల్లిన పువ్వులు.
కార్డు నంబరు గడి ఎందుకులే అని వదిలేశాను.
రెండుసార్లు పడ్డ వరసలు తీసెయ్యమన్నాను.

శనివారం కూలి పంచుతుంటే
పేరుపాలెం నుంచి ఇద్దరొచ్చారు.
ఇద్దరూ కడలి సుగుణమణులే,
ఇద్దరివీ నలభై పువ్వులే.
నా దగ్గర ఒక్కటే వరస,
ఒక్కటే కవరు.

"మరి నేనెవర్నండీ?" అంది రెండో ఆవిడ,
లేసు సూది కొప్పులో దోపుకుంటూ.

ఊరి మొత్తం కావాలంటే ఊరే తాళంచెవి.
మనిషి కూలి కావాలంటే
మనిషి నంబరు వెంట రావాలి,
ఎన్ని పట్టికలు దాటినా.

214. 371.
గడి మళ్ళీ కలిపాను.
ఒక వరస రెండు పాయలైంది.

తలెత్తితే,
మొదటావిడ అప్పటికే కవరు విప్పి
సగం తీసి పట్టుకునుంది.