మైనస్ ఒకటి

దరఖాస్తులో 'వాయిద్యం' అన్న గడిలో
డప్పు అని రాశాడు ఏసోబు.
గుమాస్తా కొట్టేసి 'ఇతరములు' అని దిద్దాడు.

రెండు నెలలు కాకుటూరులో
ఆఖరి బస్సు హారన్ కొట్టేదాకా సాధన.
జువాలజీ ల్యాబులో, సీసాల్లోని కప్పలే శ్రోతలు.

ఇవ్వాళ నెల్లూరు టౌన్‌హాలు. మాకు ఎనిమిది నిమిషాలు.
క్యాంటీన్ వెనక కాగితాలు మండించి
డప్పు కాచుకొచ్చాడు. వేలు తగిలిస్తే కణేలుమంది.

ముఖ్య అతిథి మైకు వదల్లేదు.
ఏసీ చలి తోలు మీద కూర్చుంది.
మా పేరు పిలిచేసరికి
డప్పు గొంతు బొంగురుపోయింది.

"నిప్పు లోపలికి తేగూడదబ్బయా," వాచ్‌మన్.
ఏసోబు స్టేజీ లైటు ముందు
డప్పు పట్టుకుని నిలబడ్డాడు,
తడిసిన పిల్లాణ్ణి ఎండకు పట్టినట్టు.
ఒక నిమిషం పోయింది. ఇక ఏడు.

వైదేహి ఏమీ అనలేదు.
వయొలిన్ బిరడాలు వెనక్కి తిప్పింది,
ఆరేళ్ళుగా గురువు కదలనివ్వని శ్రుతిని
ఒక మెట్టు దించింది.
నేను కీబోర్డు మీద మైనస్ ఒకటి నొక్కాను.
జిలానీ నవ్వి గొంతు సవరించుకున్నాడు.

బహుమతి రాలేదు.
'శ్రుతి తక్కువ' అని రాశారంట కాగితంలో.

తిరుగు బస్సులో కిటికీ పక్కన
ఏసోబు, ఒళ్ళో డప్పు.
తడిగాలికి అదింకా దిగుతోంది.
వెనక సీట్లో వైదేహి
బిరడా తిప్పుతూనే ఉంది.