నాలుగో బూర

నాలుగు బూరలంటడు పోశెట్టి.
మూడే అంటడు కుంజుమోను.
రోడెల్ ఏమనడు, గడ్డం గోక్కుంటడు.
మనామాల ఇరవై ఏండ్లు మంది గడ్డాలు గీసినోడు
తనది మాత్రం శుక్రారం గియ్యడు.

మేం కూసున్న జాగల ఇప్పుడు కార్లు పెడుతుండ్రు.
అప్పుడిది పెరల్ మూన్ హోటలు.
నూటపదిహేడో నంబరు గీత కాడ స్టేజి,
ఆ తెల్ల పజెరో కింద డ్రమ్ములోడు.
సముద్రం గూడ ఇంకింత దగ్గరుండె,
మట్టి పోసి పోసి అవతలికి నూకిండ్రు.

పోశెట్టి గిన్నెలు తోముకుంట విన్నడు.
వంటింటి తలుపు తెరుసుకుంటే ఒక ముక్క,
మూసుకుంటే నల్లా నీళ్లు.
అందుకే ఆయనకు ఏ పాటా మొత్తం రాదు,
అన్ని పాటల నడుములొస్తయి.
కుంజుమోను గ్లాసులందిస్తూ విన్నడు.
రోడెల్ టికెటు కొని విన్నడు, ఒక్కసారి,
ఆ ఒక్కసారినే ఇరవై తీర్ల చెప్తడు.

నేను పైనుంచి విన్న.
ఏసీ మెకానిక్‌ను.
రేకు గొట్టంల బోర్ల పండుకొని,
నోట్లె టార్చిలైటు, చేతిల పానా.
జాలి సందుల కన్రాడ్ బట్టతల కనిపించేది.
గోవా మనిషి. బేస్ గిటారు మెడకేసుకొని పాడేటోడు.

మా దిక్కు పెండ్లి బ్యాండుల
బూరలు పిలగాని ముందట నడుస్తయి.
ఇవి పాట ఎనుక నిలబడి
దాన్ని మెట్ల మీదికి నూకేటియి.
మోగెటందుకు ముందు ఒక ఊపిరి ఉంటది,
ఛాతీలన్నీ ఒక్కపారే గాలి గుంజుకుంటయి.
కిందోళ్లకు మోత ఒక్కటే తెలుసు.
నాకు ఆ గాలి వినపడేది,
నేను పంపిన సల్లగాలి.

బేస్ వాయిస్తూ పాడుడు ఎట్లయితదని
రోడెల్ ప్రతిసారీ అడుగుతడు.
వేళ్లది ఒక తొవ్వ, నోటిది ఒక తొవ్వ.
చెప్పిన: మోర్తాడ్‌ల మా అక్క గంగామణి
ఒళ్లె సాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంట
వాడకట్టు పంచాయితీ అంతా చెప్పేది.
కత ఏడుపు కాడికొచ్చినా
వేళ్లు ఆకు మలిచి, తంబాకు పోసి, దారం కట్టేటియి.
వెయ్యికి వెయ్యి, లెక్క తప్పకపోయేది.
కన్రాడ్ గూడ గంతే.
పాటల పిల్ల ఎల్లిపోతుంటది, గొంతు పగులుతుంటది,
కింద రెండు వేళ్లు ఏమెరుగనట్టు
పని చేసుకుంటుంటయి.
రోడెల్‌కు బీడీ సమజ్ గాలే.
అక్క సమజైంది.

ఒక రాత్రి కంప్రెసర్ గరగరమంటుందని
పాట నడుమ బందు పెట్టిన.
బూరలు ఆగలే. డ్రమ్ము ఆగలే.
కన్రాడ్ ఆగిండు.
తల పైకెత్తిండు. గప్పుడు చూసిన మొఖం,
ముక్కు మీద చెమట.
మైకులనే అడిగిండు:
"నా సుతి ఎవడెత్తుకపోయిండు?"

మంది నవ్విండ్రు. స్విచ్చేసిన.
మిషిను గుర్రుమన్నది.
నడుముల దాంక నీళ్లలకు దిగినట్టు
ఆయన మళ్ల పాటల దిగిండు.

ఆ కంప్రెసర్‌ను ఆ వారం బాగు చెయ్యలే.
ఆ ఏడాది గూడ.
పార్టు రాలేదని సూపర్‌వైజర్‌కు చెప్పిన.

గందుకే పోశెట్టీ, నీది తప్పు గాదు.
ఇన్నేండ్లు చెప్పకపోతి,
పని ఎగ్గొట్టిన సంగతి ఎట్ల చెప్పుకోవాలె.

కన్రాడ్ ఏడున్నడో.
మడగావ్‌ల బేకరీ పెట్టిండని కుంజుమోను,
గొంతు ఆపరేషనైందని రోడెల్.
నూరు ఫిల్సుల చాయ్ సల్లారింది.

పజెరో ఆయన వచ్చిండు.
మేం అడ్డమున్నమని హారను కొట్టిండు, పొడుగ్గ.
ఎవలం లేవలే.
"ఇదే, ఇదే సుతి" అన్నడు రోడెల్.
కుంజుమోను కాదన్నడు,
అర మెట్టు తక్కువట.