లెక్కలోకి రాని బరువు

రోడ్డుకు అడ్డంగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు,
కరెంటు స్తంభానికి గొలుసేసి కట్టిన ఇనప డబ్బా.
కౌంటీ ఆఫీసు నాకిచ్చిన పని ఇంతే:
ఈ దారిన ఎన్ని బళ్లు పోతాయో వారం పాటు లెక్కపెట్టడం.
తక్కువ తేలితే మ్యాపులో ఆకుపచ్చ గీత గీస్తారట.
సైకిళ్లవాళ్లు వస్తారట,
డబ్లిన్ నుంచి, డచ్చి దేశం నుంచి.

లీట్రిమ్‌లో ఈ మూల రోడ్డు
వీపు మీద పొడుగునా పచ్చగడ్డి జడ వేసుకుని
బోర్లా పడుకుని ఉంటుంది.
గుట్ట ఎక్కుతుంది, దిగుతుంది,
సరస్సు కనబడగానే చెప్పబోయిన మాట మరిచిపోయినట్టు
పక్కకు తిరుగుతుంది.
పంతొమ్మిది కిలోమీటర్లు నీళ్లను చుట్టి
బయల్దేరిన చోటికే వస్తుంది గనుక
పోయినవాళ్లు ఇటే మళ్లీ రానక్కర్లేదు.
వాన గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు,
ఇంట్లో మనిషి గురించి ఏం మాట్లాడతాం?

మొదటి రోజు డబ్బా తెరిచాను: పదకొండు.
చదవక్కర్లేదు, పేర్లతో సహా చెప్పగలను.
ఐదుంబావుకి పాల ట్యాంకరు.
ఏడింటికి నర్సు అట్రాక్టా మల్వీ,
క్లచ్ మీంచి కాలు తీయని మనిషి.
బడి బస్సు రెండుసార్లు.
పోస్టు వ్యాను రెండుసార్లు,
బెర్నీ మెక్‌టెర్నన్ ఇంట్లో టీ తాగి
ఉత్తరం ఇవ్వడం మరిచిపోయాడు మరి.
మాలకీ గిల్‌హూలీ ట్రాక్టరు నాలుగుసార్లు,
గొర్రెల కోసమంటాడు,
నా గొట్టాలు చూడ్డానికని నాకు తెలుసు.
పదకొండోది రాత్రి రెండూ పదికి.
అదెవరో తెలియలేదు.
మర్నాడూ అదే వేళ. ఆ మర్నాడూ.
షాపులో అడిగాను. నేను కాదన్నారు,
అడగనివాళ్లు కూడా.

ఫారంలో చివర ఒక గడి ఉంది:
'దృశ్య సౌందర్యం, ఒకటి నుంచి ఐదు'.
చూడకుండా అంకె ఎలా వేయను?
ఇరవై ఆరేళ్లుగా ఈ దారిని అద్దంలోంచే చూశాను.
శనివారం చెల్లెలి సైకిలు తీశాను,
ముందు బుట్ట, పాడైన గంట.

కారులో ఉన్నప్పుడు ఈ రోడ్డుకు వాసన లేదు.
ఇప్పుడు గుంటల వెంట మెడోస్వీట్ పూలు,
బాదంగింజ నలిపిన వాసన.
పసుపు ఐరిస్‌ల మధ్య ఒంటికాలి కొంగ
నన్నొకసారి చూసి, పనికొచ్చేవాణ్ణి కాదని తేల్చుకుంది.
గిల్‌హూలీ కుక్క కల్వర్టు దాకా తరిమి
తన జిల్లా అక్కడితో అయిపోయినట్టు
హుందాగా వెనక్కి వెళ్లింది.
మూడో గుట్ట మీద దిగి నడిచాను,
నడిచానని ఇక్కడ రాస్తున్నాను, ఫారంలో రాయను.

గేటు దగ్గర బెర్నీ, ఎనభై మూడేళ్లు.
"కారు చెడిపోయిందా?"
లేదన్నాను.
"లైసెన్సు పోయిందా?"
లేదన్నాను.
"నాది పోయింది," అంది, "చూపు చాల్లేదన్నారు."
కాసేపాగి, గేటు తుప్పు గోటితో గీస్తూ,
"ఆ గొట్టాలు రాత్రిళ్లు కూడా వింటాయా?"

ఆమె వెనక కొట్టంలో ఆయన కారు,
ఆయన పోయి తొమ్మిదేళ్లు.
టార్పాలిన్ మీద దుమ్ము లేదు.
టైర్ల గాళ్లలో పచ్చి గడ్డిగింజలు,
రోడ్డు జడలోంచి రాలినవి.

"రాత్రి నిద్రపోతాయి," అన్నాను.

తిరిగొచ్చి గొట్టాల మీదుగా పోయాను. టప్, టప్.
డబ్బా తెరిచాను: ఏమీ లేదు.
మళ్లీ తొక్కాను, ఈసారి లేచి నిలబడి, ఉన్న బరువంతా వేసి.
ఏమీ లేదు.
ఎవరి కోసం గీత గీస్తున్నారో వాళ్లనే
ఈ యంత్రం ఎరగదు.

రోజుకు సగటున పది అని రాశాను.
దృశ్య సౌందర్యం దగ్గర ఐదు వేశాను.
కొట్టేసి
నాలుగు చేశాను.
మరీ ఎక్కువమంది రాకూడదు,
వచ్చినవాళ్లు చీకటి పడేలోగా
వెళ్లిపోవాలి.